జమ

2024 మే మొదటి వారం. ఆ రోజుల్లో శిరివెళ్ల ఎండ ఎట్లుంటుందో నల్లరేగడి నేలల్లో పుట్టి పెరిగిన వాళ్లకు చెప్పక్కర్లేదు. మా చిన్నజేజి, అంటే మా తాత తమ్ముడి భార్య, నా భుజం పట్టుకుని బ్యాంకు వరండాలో నిలబడింది. అంతకుముందు నాలుగేళ్లుగా పింఛను కోసం ఆమె గడప దాటలేదు. 2020 ఫిబ్రవరి నుంచీ ఒకటో తేదీ తెల్లవారకముందే వలంటీరు వచ్చి తలుపు కొట్టి, వేలిముద్ర తీసుకుని, డబ్బు చేతిలో పెట్టి పోయేవాడు. 2024 ఎన్నికలప్పుడు వలంటీర్లను పక్కన పెట్టమని ఎన్నికల సంఘం చెప్పింది. ఏప్రిల్‌లో సచివాలయాల దగ్గర ఇచ్చారు. మే నెలలో చాలామందికి బ్యాంకు ఖాతాల్లో వేశారు. ఒకటో తేదీ మేడే, బ్యాంకుకు సెలవు. ఆ తర్వాత రెండు రోజులు వరండా నిండా ముసలివాళ్లే. ఎప్పుడో ఉపాధి పనికోసమో గ్రూపు కోసమో తెరిచి మర్చిపోయిన పాసుపుస్తకాలు చేతుల్లో పట్టుకుని కూచున్నారు. కొందరి ఖాతాలు వాడుకలో లేక ఆగిపోయి ఉన్నాయి. కొందరికి కనీస నిల్వ లేదని కోత పడింది.

మా వంతు వచ్చింది. కౌంటర్లో ఉన్న అమ్మాయి తెరవైపు చూసి, "మూడువేలు పడినాయవ్వా. గ్రూపు లోను కింద జమ అయిపోయినాయి" అంది.

చిన్నజేజి నావైపు తిరిగి, "జమ అయినాయంటే ఉన్నట్టే కదమ్మే?" అంది.

నేను సాహిత్యంలో డాక్టరేటు చేశాను. మాటలకు అర్థాలు వెతకడం నా వృత్తి. అయినా ఆ నిమిషంలో నోరు పెగల్లేదు. జమ అంటే వచ్చి చేరడం. 'జమా ఖర్చు' అన్నప్పుడు జమ మనవైపు ఉంటుంది. 'అప్పు కింద జమ కట్టుకున్నారు' అన్నప్పుడు అదే మాట అవతలివైపుకు పోతుంది. డబ్బు చేరిందనే చెబుతున్నారు, ఎవరికి చేరిందన్నదే తేడా. తర్వాత ఆలోచిస్తే, ఈ మాటకు మా ప్రాంతంలో చాలా పాత చరిత్ర ఉందని గుర్తొచ్చింది. రెవెన్యూ వాళ్ల భాషలో ఊరి జమ అంటే ఊరు కట్టాల్సిన శిస్తు. ఏటా ఆ లెక్క తేల్చేది జమాబందీ. రైతు నోట్లో జమ అంటే రాబడి, సర్కారు నోట్లో జమ అంటే రైతు దగ్గర్నుంచి రాబట్టేది. చిన్నజేజి ప్రశ్నలో తప్పేమీ లేదు. రెండు వందల ఏళ్లుగా ఈ మాట రెండు నాలుకలతోనే బతుకుతోంది.

ఈ వ్యాసం ఆ మూడువేల గురించి. ప్రభుత్వం ఒక చేత్తో ఇచ్చి మరో చేత్తో పట్టుకోవడం గురించి. పొరపాటున ఎక్కువ ఇచ్చామని ఒకసారి, పాత బాకీ ఉందని ఒకసారి, అసలు నువ్వు అర్హురాలివే కాదని ఒకసారి. కారణాలు మారుతూ వచ్చాయి, పట్టుకునే చోటు మాత్రం పెద్దగా మారలేదు. ఎక్కడ తేలిగ్గా దొరుకుతుందో అక్కడే పట్టుకుంటారు.

మా ఊరికి పడమరగా కోవెలకుంట్ల, ఉయ్యాలవాడ ఉన్నాయి. ఇప్పుడవన్నీ నంద్యాల జిల్లానే. కానీ 1800లో నిజాం దత్తమండలాలను కుంఫిణీకి ఇచ్చేసినప్పుడు కోవెలకుంట్ల వైపు కుంఫిణీ కిందకి పోయింది. మా వైపు కర్నూలు నవాబు కింద ఉండి, 1839లో కుంఫిణీ చేతికి చిక్కింది. 1858లో గానీ ఇవన్నీ కలిసి ఒక జిల్లా కాలేదు. తర్వాత శిరివెళ్ల పేరుతోనే ఒక తాలూకా కూడా ఉండేది. దత్తమండలాలకు 1807 దాకా కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో గురించి మా వైపు ఇప్పటికీ మంచిమాటలే చెప్పుకుంటారు. పాలెగాళ్ల బలం విరిచి, వాళ్లలో కొందరికి భూముల బదులు నెలనెలా భరణం ఏర్పాటు చేశారు. దాన్ని తవర్జీ అన్నారు. అంటే ఈ ప్రాంతంలో సర్కారు ఇచ్చిన తొలి నెల పింఛన్లలో ఒకటి పేదలకు కాదు, ఓడిపోయిన దొరలకు. వాళ్లు ఊరకుండడానికి ఇచ్చిన జీతం అది.

ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరుగుబాటుకు ఈ తవర్జీ కూడా ఒక కారణం. ఆయనకు నెలకు వచ్చేది పదకొండు రూపాయల చిల్లర. బంధువులు చనిపోతే వాళ్ల వాటా వారసులకు రాకుండా సర్కారు ఖాతాలోకే మళ్లిపోయేది. 1846లో కట్టుబడి బంట్రోతుల ఇనాములు కూడా, అనుభవించే మనిషి పోగానే సర్కారు వెనక్కి తీసుకోవడం మొదలుపెట్టింది. తవర్జీ తీసుకోవడానికి కోవెలకుంట్ల ఖజానాకు పోతే అక్కడ అవమానం జరిగిందని జనం చెప్పుకుంటారు. 1846 జులైలో అదే ఖజానా మీద దాడి జరిగింది. 1847 ఫిబ్రవరి 22న ఆయన్ని కోవెలకుంట్లలో ఉరి తీశారు. తలను కోట మీద వేలాడదీసి ముప్పై ఏళ్లు, 1877 దాకా అట్లాగే ఉంచారంటారు. 2019లో సినిమా చూసి వచ్చిన మా ఇంటి పిల్లలకు గుర్రాలూ కత్తులూ గుర్తున్నాయి గానీ తవర్జీ అన్న మాట గుర్తులేదు. నన్ను కట్టిపడేసేది మాత్రం ఆ పదకొండు రూపాయల చిల్లరే. ఇస్తానన్న సొమ్ము గుమ్మంలో ఆగిపోతే మనిషికి కలిగే అవమానం ఎంతదో అది చెబుతుంది.

అయితే ఆయనకు ఎత్తడానికి కత్తి ఉంది, వెనక నడవడానికి కట్టుబడి బంట్రోతులున్నారు. చనిపోయిన బంధువుల వాటా ఆగిపోయినప్పుడు ఆ ఇళ్లలో మిగిలిన ఆడవాళ్లు ఏమయ్యారో మాత్రం వీరగాథల్లో కనిపించదు. నేను రాయలసీమ కథల్లో అప్పు గురించి పరిశోధన చేసిన మనిషిని. ఆ కథల్లోనూ అప్పుపడ్డవాడు దాదాపు ఎప్పుడూ మగవాడే, భూమున్న రైతే. ఆడమనిషి అతని అప్పుకు ఏడ్చే భార్య, లేదా తాళి తీసిచ్చే భార్య. ఆమె పేరుమీదే అప్పుంటుందని, ఆమె వేలిముద్రే హామీ అవుతుందని మన సాహిత్యం చాలా ఆలస్యంగా గుర్తించింది.

మన్రో ఏర్పాటులో ఇంకో సంగతి ఉంది. రైతువారీ అంటే ఎవరి శిస్తు వాళ్లదే అని మనం బళ్లో చదువుకున్నాం. నిజానికి మొదట్లో ఒక రైతు కట్టలేకపోతే మిగతా ఊరి రైతులు పదోవంతు మేర ఆ లోటు పూడ్చాలన్న షరతు ఉండేది. దత్తమండలాల్లో ఈ ఉమ్మడి పూచీ చదివినప్పుడు నాకు వెంటనే డ్వాక్రా గ్రూపు గుర్తొచ్చింది. ఒకామె కంతు ఆగితే పదిమందీ పూచీ. పదోవంతు అన్న పరిమితి కూడా లేదు.

1876 - 78 కరువు దగ్గరికి వస్తాను. మద్రాసు రాష్ట్రంలో ఆ ధాత కరువు దెబ్బ బాగా తిన్న జిల్లాల్లో కర్నూలు ఒకటి. 1871 జనాభా లెక్కకూ 1881 లెక్కకూ మధ్య జిల్లాలో దాదాపు నాలుగోవంతు మంది లేకుండా పోయారు. అట్లాంటి సమయంలో వైస్రాయి లిట్టన్‌కు పట్టుకున్న భయం, మద్రాసు ప్రభుత్వం సాయం మరీ ఎక్కువగా ఇచ్చేస్తోందని. 1877 జనవరిలో రిచర్డ్ టెంపుల్‌ను పంపాడు. ఆయన మగ కూలీకి రోజుకు ఒక పౌను గింజల విలువ, పైన కొద్దిపాటి చిల్లర చాలన్నాడు. పౌను అంటే అరకిలో కంటే తక్కువ. ఆడవాళ్లకు అంతకంటే తక్కువే. ఆ తిండితో పనిచేసే మనిషి బతకడని మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ వాదించాడు. కొన్ని నెలలకు కూలి కొద్దిగా పెరిగింది. అప్పటికి పోయినవాళ్లు పోయారు. నరసింహారెడ్డి తల కోట మీది నుంచి దిగిందంటున్న ఏడూ, ఈ పౌను లెక్క వచ్చిన ఏడూ ఒకటే. 'అర్హత లేనివాళ్లు తినేస్తున్నారు' అన్న అనుమానానికి మా జిల్లాలో ఇంత వయసుంది.

కరువు తర్వాత చట్టాలు వచ్చాయి. బావులు తవ్వుకోవడానికీ, విత్తనాలకూ ఎద్దులకూ ఇచ్చే తకావీ అప్పులు అంతకుముందే ఉన్నాయి. 1883లో భూమి అభివృద్ధి అప్పుల చట్టం, 1884లో వ్యవసాయదారుల అప్పుల చట్టం వాటికి కొత్త రూపం ఇచ్చాయి. సాయమే, కానీ వసూలు మాత్రం భూమిశిస్తు బకాయి వసూలు చేసే పద్ధతిలోనే. అంటే 1864 నాటి మద్రాసు రెవెన్యూ రికవరీ చట్టం ప్రకారం. కోర్టుకు పోనవసరం లేదు. నోటీసు, జప్తు, వేలం. ఈ చట్టం చనిపోలేదు, పేరులోంచి మద్రాసు పోయింది, అంతే. 2024లో హైదరాబాదు శివార్లలో, సాగులో లేకుండా ప్లాట్లయిపోయిన 33 ఎకరాలకు తీసుకున్న రైతుబంధు సొమ్ము పదహారు లక్షలు తిరిగి కట్టమని తెలంగాణ రెవెన్యూ అధికారులు నోటీసు ఇచ్చినప్పుడు చేతికి తీసుకున్నది ఈ రెవెన్యూ రికవరీ చట్టాన్నే. ఆ కేసులో నోటీసు ఇవ్వడం తప్పనను. ప్లాట్లకు పెట్టుబడి సాయం ఏమిటి? పదహారు లక్షలకూ మూడువేలకూ ఒకే రకం మొరటు చెయ్యి ఎందుకన్నదే నా ప్రశ్న.

ఇంతకీ మూడువేలను ఎవరూ పట్టుకోకుండా కాపాడే చట్టం లేదా? బ్యాంకు నుంచి వచ్చిన రాత్రి నేను ఇదే వెతికాను. ఉంది, బాగా పాతది. 1871 పింఛన్ల చట్టంలో పదకొండో సెక్షన్. ప్రభుత్వం రాజకీయ కారణాలతో ఇచ్చిన పింఛనుగానీ, చేసిన ఉద్యోగానికి ఇచ్చినదిగానీ, శరీర దౌర్బల్యాన్ని చూసి ఇచ్చినదిగానీ, దయతో ఇచ్చే భత్యంగానీ, అప్పులవాడు కోర్టు ద్వారా జప్తు చేయించడానికి వీల్లేదు. సివిల్ ప్రొసీజర్ కోడ్ అరవయ్యో సెక్షన్‌లోనూ రాజకీయ పింఛన్లకు మినహాయింపు ఉంది. రాజకీయ పింఛను అంటే తవర్జీ లాంటిదే. రాజులూ పాలెగాళ్లూ పోయారు, వాళ్ల పింఛనుకు రక్షణ మాత్రం పుస్తకంలో భద్రంగా మిగిలింది. ఒంటరి ముసలావిడ పింఛను 'దౌర్బల్యాన్ని చూసి ఇచ్చిన' దాని కిందికి ఎందుకు రాదు? వస్తుందనే నేను వాదిస్తాను. కానీ అక్కడొక మెలిక ఉంది. ఆ సెక్షన్ ఆపేది కోర్టు జప్తుని. బ్యాంకు కోర్టుకు పోలేదు కదా. డబ్బు తన దగ్గరే ఉన్న ఖాతాలో పడింది, తనకు రావలసిన బాకీ కింద తనే తీసుకుంది. తన చేతిలో ఉన్న ఖాతాదారు సొమ్మును బాకీకి ఆపుకోవడానికి బ్యాంకర్లకు 1872 కాంట్రాక్టు చట్టం నాటి నుంచే దారి ఉంది. జప్తు అయితే అడగడానికి ఒక జడ్జి ఉంటాడు. జమ అయితే ఎవరూ ఉండరు.

అరవయ్యో సెక్షన్ చదువుతుంటే ఒకచోట నాకు నవ్వు కూడా వచ్చింది. డిక్రీ కింద ఏమేమి జప్తు చెయ్యకూడదో మొదటే రాశారు: కట్టుబట్టలు, వంట పాత్రలు, పడకలు, మతాచారం ప్రకారం ఆడది ఒంటిమీంచి తియ్యకూడని నగలు. అంటే తాళిబొట్టు. యాభై ఆరో సెక్షన్ ప్రకారం డబ్బు డిక్రీ కోసం ఆడవాళ్లను అరెస్టు చెయ్యకూడదు. చట్టం ఆడమనిషి ఒంటినీ మెళ్లో తాళినీ గుర్తుపట్టింది. తాళి తీసేసిన ఆడమనిషి దగ్గర కాపాడవలసింది ఇంకేముందో దానికి తట్టలేదు. అదే సెక్షన్‌లో జీతగాడికి, మొదటి వెయ్యి రూపాయలు, మిగిలినదాంట్లో మూడింట రెండు వంతులు ముట్టుకోకూడదని ఉంది. పెద్ద జీతంలోనూ సింహభాగం మిగులుతుంది. చిన్నజేజికి మూడువేలలో మూడువేలూ పోయాయి.

ఇక ఆ గ్రూపు అప్పు కథ. ఇది రాయకుండా తప్పించుకుందామని చూశాను.

మా ఊళ్లో గ్రూపులు తొంభైల్లో మొదలయ్యాయి. దూబగుంట సారా ఉద్యమం తర్వాత పొదుపు ఉద్యమం ఎట్లా పాకిందో ఈ పత్రిక పాఠకులకు నేను కొత్తగా చెప్పేదేం లేదు. చిన్నజేజి వాళ్ల గ్రూపులో పదిమంది. పావలా వడ్డీ రోజుల్లో క్రమం తప్పకుండా కట్టేవాళ్లు. 2013లో తీసుకున్న అప్పులో ఆమె వాటాలోంచి ఇరవైవేలు నాకిచ్చింది, నేను పిహెచ్‌డీలో చేరడానికి. మా నాన్న పంట పోయిన ఏడు. "మళ్లీ నీ జీతమొచ్చినప్పుడియ్యి" అంది. రాయలసీమ కథల్లో అప్పు మీద నేను రాసిన సిద్ధాంత గ్రంథం ఒక రాయలసీమ ముసలావిడ చేసిన అప్పుతో మొదలైంది. ఆ మాట ఆ గ్రంథంలో ఎక్కడా రాయలేదు.

2014 ఎన్నికల్లో డ్వాక్రా రుణమాఫీ మాట వచ్చింది. "కట్టొద్దండి, మాఫీ అయితాది" అని ఊరూరా చెప్పారు. అందరూ కట్టడం మానేశారు. మాఫీ అనుకున్నట్టు రాలేదు. దాని బదులు పెట్టుబడి నిధి అని మనిషికి పదివేలు, అదీ విడతలుగా. ఈలోగా వడ్డీ పెరిగింది. బ్యాంకులు చాలాచోట్ల గ్రూపు పొదుపు సొమ్మునే అప్పు కింద జమ కట్టుకున్నాయి. అది ప్రభుత్వం ఇచ్చిన డబ్బు కాదు, వారం వారం చీర కొంగున కట్టి దాచిన సొంత డబ్బు. మా ఊరి గ్రూపు దాంతో విరిగిపోయింది. పదేళ్లు కలిసి కూచున్న ఆడవాళ్లు వీధిలో మొహం తిప్పుకున్నారు. నేను ఫెలోషిప్ వచ్చాక ఇరవైవేలు తెచ్చి ఇస్తే, అప్పు ఎట్లాగూ మాఫీయే కదా అని, చిన్నతాత వైద్యానికి ఖర్చు పెట్టింది. 2015లో ఆయన పోయాడు. నేనేమీ అనలేదు. అనడానికి నేనెవర్ని?

ఆ తర్వాత 2019 ఫిబ్రవరిలో మళ్లీ పదివేలు, ఈసారి ముందు తేదీలు వేసిన మూడు చెక్కులు. రెండున్నర వేలు, మూడున్నర వేలు, నాలుగు వేలు. పథకం పేరు పసుపు కుంకుమ. చెక్కులు తెచ్చుకున్న రోజు ఫోన్లో చిన్నజేజి పడీపడీ నవ్వింది. "మీ తాత పోయి నాలుగేండ్లాయ, ఇప్పుడు నాకు పసుపు కుంకుమ పంపించినారు చూడు" అంది. ఆ పేరు పెట్టినవాళ్లకు గ్రూపుల్లో విధవలుంటారని తెలియదా? తెలిసే ఉంటుంది. పుట్టింటి నుంచి ఆడపడుచుకు పంపే సారె అనుకున్నారు. సారె తిరిగి అడగరు అన్న సంగతి మర్చిపోయారు.

తర్వాతి ప్రభుత్వం 2019 ఏప్రిల్ 11 నాటికి ఉన్న గ్రూపు అప్పులను నాలుగు విడతల్లో ఇస్తానంది, ఇచ్చింది కూడా. మా వాళ్ల గ్రూపు అప్పటికే విరిగి, అప్పు మొండిబాకీల్లో పడి, ఆ జాబితాకు బయట ఉండిపోయింది. ఈ కాలంలోనే ఒక కొత్త మాట పత్రికల్లో రోజూ కనిపించేది: 'అన్ఎన్‌కంబర్డ్ ఖాతాలు'. అమ్మఒడి గానీ మరొకటి గానీ, పాత అప్పు కింద బ్యాంకు పట్టుకోవడానికి వీల్లేని ఖాతాలోనే వెయ్యాలని. నోరు తిరగని ఆ ఇంగ్లీషు మాటలో ఒక ఒప్పుకోలు ఉంది. మామూలు ఖాతాలో వేస్తే పేదవాళ్ల సాయాన్ని బ్యాంకు పట్టుకుంటుందని ప్రభుత్వానికి తెలుసు. తెలిసి కూడా, 2024 మే నెలలో హడావిడిగా పింఛను వేసేటప్పుడు, ఏ ఖాతా ఆధార్‌కు ముడిపడి ఉందో దాంట్లోకే పంపారు. చిన్నజేజి ఆధార్ ముడిపడ్డది ఆ పాత ఖాతాకి.

ఇది అప్పు బాకీ సంగతి. ప్రభుత్వమే ఎక్కువ ఇచ్చానని తిరిగి అడిగినప్పుడు ఏమవుతుంది? 2024 జులైలో భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో పక్షవాతంతో ఉన్న ఎనభై ఏళ్ల ముసలామెకు నోటీసు వచ్చింది. తీసుకున్న ఆసరా పింఛను, లక్షా డెబ్భై రెండు వేల పైచిలుకు, తిరిగి కట్టమని. ఆసరా అప్పట్లో నెలకు 2016 రూపాయలు. లెక్క వేస్తే ఏళ్ల తరబడి తీసుకున్న పింఛను. ఆమె కూతురు ప్రభుత్వ ఆరోగ్య శాఖలో పనిచేస్తూ చనిపోయింది. ఆ కూతురి తాలూకు కుటుంబ పింఛను తల్లికి వస్తోంది, కాబట్టి ఆసరాకు అర్హత లేదు. రెండు పింఛన్లు తీసుకుంటున్న వాళ్లు 1826 మంది తేలారని ప్రభుత్వం చెప్పింది. పత్రికల్లో గొడవయ్యాక వసూళ్లు ప్రస్తుతానికి ఆపమన్నారు.

ఆమె అర్హురాలు కాదన్న మాటతో నాకు పేచీ లేదు. కుటుంబ పింఛను ఆసరా కంటే చాలా పెద్ద మొత్తం. ఆసరా ఆపెయ్యొచ్చు. కానీ అన్నేళ్లూ నెలనెలా రెండు ఖజానాలూ ప్రభుత్వానివే. రెండింటిలోనూ ఆమె పేరు ఉంది. ఏ గుమాస్తా కలిపి చూడని తప్పుకు మంచంమీది మనిషి పూచీ అవుతుందా? కూతురు సంపాదన మీద తల్లి బతకడం మన కుటుంబాల్లో ఎంత అరుదో, కాగితాల్లో అంతకంటే అరుదు. ముసలి తల్లికి ఆధారం కొడుకనే దరఖాస్తు ఫారాలు అనుకుంటాయి. కూతురు ఆధారమైన చోట లెక్క తప్పడంలో నాకు వింతేమీ కనపడలేదు.

ఉద్యోగుల విషయంలో మన సుప్రీంకోర్టు ఈ ప్రశ్నకు కొంత జవాబు చెప్పింది. 2014 డిసెంబరులో పంజాబ్ రాష్ట్రం, రఫీక్ మసీహ్ కేసులో, యజమాని పొరపాటున ఎక్కువ జీతం ఇస్తే, మూడో, నాలుగో తరగతి ఉద్యోగుల నుంచి, రిటైరైన వాళ్ల నుంచి, ఏడాదిలో రిటైరయ్యే వాళ్ల నుంచి తిరిగి వసూలు చెయ్యకూడదంది. అయిదేళ్లకు మించి సాగిన చెల్లింపులనూ అడగకూడదంది. వసూలు వల్ల కలిగే కష్టం, యజమానికి ఉన్న హక్కును మించిపోయినప్పుడు అది అన్యాయమని ఆ తీర్పు సారం. ఇంత మంచి తీర్పు బంట్రోతుదాకా వచ్చి ఆగింది. సామాజిక పింఛను తీసుకునే ఆమె ఎవరి ఉద్యోగీ కాదు. జీవితమంతా కూలి చేసింది, కానీ ఎవరి దగ్గరా రిటైర్ కాలేదు.

ఇది మన దరిద్రమే అనుకోవద్దు. ఆస్ట్రేలియాలో 2016 నుంచి 2019 దాకా కంప్యూటరు చేత ఏడాది ఆదాయాన్ని పక్షాలకు సమానంగా పంచి లెక్క కట్టించి, మీరు ఎక్కువ సాయం తీసుకున్నారని లక్షల మందికి బాకీ నోటీసులు పంపారు. ఆ పద్ధతి చట్టవిరుద్ధమని తేలింది. 2023లో రాయల్ కమిషన్ దాన్ని ఉతికి ఆరేసింది. నెదర్లాండ్స్‌లో పిల్లల సంరక్షణ భత్యం విషయంలో చిన్న చిన్న పొరపాట్లకు వేలాది తల్లిదండ్రులను మోసగాళ్లన్నారు. వాళ్లలో వలస నేపథ్యం ఉన్నవాళ్లూ ఒంటరి తల్లులూ ఎందరో. మొత్తం భత్యం తిరిగి కట్టమన్నారు, ఇతర భత్యాల్లోంచీ పట్టుకున్నారు. 2021 జనవరిలో ప్రభుత్వమే రాజీనామా చేసింది. బ్రిటన్‌లో యూనివర్సల్ క్రెడిట్‌లోంచి పాత బాకీలకు పట్టుకునే దానికి ఒక గరిష్ఠ పరిమితి ఉంది. 2025 ఏప్రిల్‌లో దాన్ని ప్రాథమిక భత్యంలో 25 శాతం నుంచి 15 శాతానికి తగ్గించారు. అది కూడా ఎక్కువేనని అక్కడి వాళ్లు పోట్లాడుతున్నారు. వందకు పదిహేను అన్న లెక్క విని చిన్నజేజి, "అంటే నాకు రెండువేల అయిదువందల యాభై మిగిలేది" అంది. బడికి పోని మనిషి నోటిలెక్క.

ఆ మూడువేల కోసం నేను అర్జీ రాశాను. పదకొండో సెక్షన్ పేరూ రాశాను. మేనేజరు చిన్నవాడు, మర్యాదగానే కూచోబెట్టాడు. "హోల్డ్ నేను పెట్టలేదు మేడం, సిస్టం పెట్టింది. తీసే అధికారం నాకు లేదు, పైకి పంపుతాను" అన్నాడు. పైనుంచి ఏ జవాబూ రాలేదు. జులై ఒకటిన పెరిగిన పింఛను నాలుగువేలు, మూడు నెలల బాకీ మూడువేలు కలిపి ఏడువేలు సచివాలయం వాళ్లే ఇంటికి తెచ్చి చేతికిచ్చారు. ఆమె నోట్లు రెండుసార్లు ఎంచి, "ఇది ఏ ఖాతాలోనూ పడకుండా వచ్చింది కదా?" అని అడిగింది. వచ్చినాయన నవ్వాడు. ఆమె నవ్వలేదు.

సంక్రాంతికి నేను మళ్లీ వెళ్లినప్పుడు పాసుపుస్తకం ముందు పెట్టింది. "ఆ మూడువేలు నా వాటా కింద రాసినారా, అందరి కింద రాసినారా చూడమ్మే" అంది. చూశాను. గ్రూపు ఖాతాకు పేర్లుండవు. ఒకే ఖాతా, ఒకే బాకీ. ఆ మూడువేలు వడ్డీలో కలిసిపోయాయి. పదిమంది బాకీలో ఆమె ఒక్కతే కట్టిందనడానికి బ్యాంకులో ఆనవాలు లేదు.

ఆమె కాసేపు కూచుని, పాత గ్రూపు లీడరు ఇంటికి పోదామంది. ఇద్దరికీ తొమ్మిదేళ్లుగా మాటల్లేవు. లీడరు గుమ్మంలో మమ్మల్ని చూసి, "రా వదినా" అంది. విషయం విని లోపలికి పోయి ట్రంకుపెట్టె అడుగు నుంచి తీర్మానాల పుస్తకం తీసింది. చివరి తీర్మానం 2015 నాటిది, కింద పది వేలిముద్రలు. కళ్లజోడు పెట్టుకుని కొత్త పేజీ తిప్పింది. తేదీ వేసి, చిన్నజేజి పింఛనులోంచి మూడువేలు గ్రూపు అప్పుకు పోయినాయని రాసింది. వేలిముద్రకు సిరాడబ్బా ఎండిపోయి ఉంది. కాటుక తెమ్మని మనవరాలిని కేకేసింది.